మామ ఇంటి ఐదు ఓట్లు

మా సర్పంచి అభ్యర్థి తొమ్మిది ఓట్లతో ఓడిపోయింది. తొంభై ఓట్లతో ఓడిపోయి ఉంటే రెండు రోజులు తిట్టుకుని మూడోరోజు గడ్డి కోసుకోవడానికి పోయేవాణ్ణి. తొమ్మిది ఓట్లంటే అలా కాదు, అవి ఎక్కడ పోయాయో వెతుక్కోకుండా మనసు ఊరుకోదు. నాకు వెతుక్కునే శ్రమ కూడా లేకుండా పోయింది. లెక్కింపు ముగిసిన సాయంత్రమే మా పక్కింటి మామ బడి ముందర నిలబడి, ఎవరూ అడగకుండానే, "మా ఇంట్లో ఐదు ఓట్లూ అవతలోళ్లకే ఏసినామబ్బా" అని చెప్పేశాడు. ఆ ఐదూ అటు పోకుండా ఇటు పడి ఉంటే మేం ఒక్క ఓటుతో గెలిచేవాళ్లం. ఈ లెక్క వేళ్ల మీద వేశాను, కాగితం మీద వేశాను, ఆవుకు పాలు పిండుతూ వేశాను. ఎన్నిసార్లు వేసినా అదే ఒక్క ఓటు.

మామ అంటే పిలుపుకే మామ, చుట్టరికం లేదు. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. పలమనేరు దగ్గరి ఊరు మాది, వానల కంటే ఆవులనే నమ్ముకున్న ఊరు. పాల కేంద్రం మాత్రం ఊళ్లో లేదు. మూడు కిలోమీటర్ల అవతల, హైవే మలుపు దగ్గర ఉంది. ఏడు కొట్టేలోపు పాలు అక్కడ పోయకపోతే వ్యాను వెళ్లిపోతుంది. అందుకని మా రెండిళ్ల మధ్య పన్నెండేళ్లుగా వంతు నడిచింది. ఒకరోజు మామ మా క్యాను కూడా తన మోపెడ్‌కు కట్టుకుని పోతాడు, మర్నాడు నేను పోతాను. నా వంతు కాని రోజు ఆ గంటలో కొట్టం కడిగి, టమోటా మడికి నీళ్లు కట్టుకునేవాణ్ణి.

మా అభ్యర్థి అంగన్‌వాడీలో పనిచేసి రిటైరైన ఆవిడ. గుంతలు పడ్డ ఆ రోడ్డు వేయిస్తానంది, పాల కేంద్రాన్ని ఊళ్లోకి తెప్పిస్తానంది. అవతలి మనిషి ఊరి మొదట్లో పెద్ద ఆర్చి కట్టిస్తానన్నాడు. రోడ్డు కావాలా ఆర్చి కావాలా అంటే ఆలోచించుకోవడానికి ఏముంది? పది రోజులు పని మానుకుని ఆమె కోసం తిరిగాను. మా ఆవిడ కుంకుమ తట్ట పట్టుకుని ముందు నడిచేది, గడప గడపకూ పోయి ఆడవాళ్లకు బొట్టు పెట్టి ఓటు అడిగేది. నేను వెనకాల ఓటర్ల జాబితా పట్టుకుని టిక్కులు పెట్టుకునేవాణ్ణి. మామ ఇంటి ఐదు పేర్లకూ మొదటిరోజే, ఇల్లు కదలకముందే టిక్కు పెట్టేశాను.

ఫలితం వచ్చిన మర్నాడు వంతు నాదే. నేను మామ ఇంటివైపు చూడకుండా నా క్యాను మాత్రమే కట్టుకుని బయల్దేరాను. మామ గేటు దగ్గర క్యానుతో నిలబడి చూశాడు. కాసేపటికి వెనకాల ఆయన మోపెడ్ చప్పుడు వినిపించింది. ఆ రోజు నుంచి ఒకే రోడ్డు మీద, ఒకే వేళకు, తలా ఒక క్యానుతో రెండు బళ్లు. కేంద్రంలో పాలు పరీక్ష చేసే మనిషి, "ఏమప్పా, మీ ఊర్లో పెట్రోలు ఊరికే పోస్తా ఉండారా?" అని రోజూ నవ్వేవాడు.

సిగ్గుపడాల్సిన సంగతి ఒకటి చెప్పాలి. నేను కావాలనే మామ వెనకాల పోయేవాణ్ణి. ఆయన బండి గుంతలో దిగిన ప్రతిసారీ ఆయన వీపు వంక చూసేవాణ్ణి. ఆయన ఒక చెయ్యి వెనక్కి పెట్టి నడుం పట్టుకుంటే నాకు ప్రాణం లేచి వచ్చేది. ఇవాళ కాకపోతే రేపు ఈ మనిషికి తెలిసొస్తుంది, 'తప్పు చేసినానల్లుడూ' అంటాడు అనుకునేవాణ్ణి. ఆ ఒక్క మాట అంటే చాలు, నేను మర్నాడే ఆయన క్యాను మోసుకుపోతాను. అన్నాడా? టీ కొట్టు దగ్గర ఆయనకు వినపడేలా, "రోడ్డు అద్దం మాదిరి ఉండాది కదబ్బా" అనేవాణ్ణి. ఆయన టీ ఊదుకుని తాగేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఇంట్లో నా చిరాకు ఆవుల మీద, గిన్నెల మీద చూపించేవాణ్ణి. మా ఆవిడ విసిగిపోయింది. "ఓడిపోయిన ఆయమ్మ మర్నాటి నుంచే మిషను కుట్టుకుంటా ఉండాది. నీకేమొచ్చింది?" అంది. నాకేమొచ్చిందో నాకు తెలుసు. ఊరు పొరపాటు చేసింది, ఆ పొరపాటు మీద రోజూ ఆరు కిలోమీటర్లు నేను బండి నడుపుతున్నాను.

ఏడాది తిరిగేలోపు ఆర్చి మాత్రం లేచింది. అటూ ఇటూ రెండు ఏనుగు బొమ్మలు, వాటికి రంగులు. దానికోసం కంకర, సిమెంటు తెచ్చిన లారీలు తిరిగి తిరిగి సరిగ్గా ఆర్చి కిందే రోడ్డును తొట్టిలా చేశాయి. దాని ప్రారంభం ఇంకా రెండు రోజులుందనగా రాత్రంతా వాన పడింది. తెల్లవారి మామ బండి ఆ నీళ్లలో దిగింది, ముందు చక్రం వాలిపోయింది, క్యాను మూత ఊడి పాలన్నీ బురదలో కలిశాయి.

నేను బండి ఆపాను. అరవై దాటిన మనిషి మోకాళ్ల మీద ఉన్నాడు. చెయ్యి ఇవ్వకముందే నా నోట్లోంచి వచ్చిన మాట, "ఇప్పుడన్నా తెలిసొచ్చిందా మామా?"

మామ తనే లేచాడు. మూత వెతికి, పంచెతో తుడిచి, క్యానుకు పెట్టాడు.

"ఏం తెలిసిరావాల?"

"ఓటు ఎవురికి ఏసినావో అది. పాల కేంద్రం ఊర్లోకి తెస్తామని మేం చెప్తానే ఉంటిమి కదా!"

"ఎవురికి చెప్పినారు?" అన్నాడు. "మీ జనం ఊర్లో ప్రతి గడపా తొక్కినారు. మా గడప దాటుకోని పోయినారు. మీ అత్త వాకిలి కడిగి, ముగ్గేసి, మీరొస్తారని ఎండలో నిలబడుకోనుండె. కుంకుమ తట్ట మా గేటు ముందరే పోతా ఉంటే నేను సూస్తానే ఉంటిని."

"మనిల్లే కదా అని..."

"మనిల్లే! పెండ్లికైనా ముందు బొట్టు పెట్టేది మనింటోళ్లకే కదప్పా? ఆ ఆర్చి ఆయప్ప మూడు తూర్లు వచ్చినాడు. అడగందే అమ్మయినా అన్నం పెట్టదు. నన్ను ఓటెట్ల ఏయమంటావు?"

నాకు కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. బొట్టు పెట్టలేదని ఊరి రోడ్డును బురదలో కలుపుతారా అని అరిచాను. "పో పో, వ్యాను పోతాది" అని మామ ఖాళీ క్యానుతో బండి తోసుకుంటూ వెనక్కి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి మా ఆవిడతో ఇదంతా చెప్పి, "సూసినావా మనిషిని?" అన్నాను. ఆమె పేడ చేతులు కూడా కడుక్కోకుండా నా ముందుకు వచ్చి నిలబడింది. "ఆ పొద్దు అత్తోళ్ల గేటు కాడ నేను నిలబడితే, 'మనోళ్లకు బొట్టేంది, టైము దండగ, రా' అని చెయ్యి పట్టుకోని లాక్కోనిపోయింది ఎవురు?"

నేనే. ఎవరికీ చెప్పుకోలేను, కానీ నేనే. తొమ్మిది ఓట్ల లెక్క అన్నిసార్లు వేశాను గాని, ఆ గేటు దగ్గర మిగుల్చుకున్న రెండు నిమిషాలను ఒక్కసారీ అందులో వేయలేదు.

సాయంత్రం మా ఆవిడ కుంకుమ తట్ట తీసింది. నేను రానంటే, "రాకపోతే ఇంట్లో ఆర్చి పెట్టుకోని కూర్చో" అంది. పోయాం. అత్త గడపలోకి వచ్చి తట్ట చూసి, ఏం విశేషమని అడిగింది.

"ఓటు అడగను వచ్చినామత్తా."

"ఎలక్షన్లకు ఇంకా నాలుగేండ్లుండాది కదమ్మే!" అని అత్త నవ్వింది. నవ్వుతూనే పైట సర్దుకుని, నుదురు ముందుకు వంచి బొట్టు పెట్టించుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం చూసి నేను వేరే వైపు తిరిగాను.

మామ వసారాలో మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. అప్పటికీ నా ఆశ చావలేదు. "వచ్చే తూరైనా మా ఆయమ్మకు ఏస్తావా మామా?" అన్నాను.

"అప్పుడు సూద్దాం" అన్నాడు. తప్పు చేశానని అనలేదు, అనడు కూడా. నూనె చెయ్యి పంచెకు తుడుచుకుని, కడిగి బోర్లించిన క్యాను తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టాడు. "నాకు మోకాలు బాగలేదు. రేపు వంతు నీది."

మర్నాడు పొద్దున రెండు క్యాన్లూ కట్టుకుని బయల్దేరాను. రంగుల ఏనుగుల నడుమ బండి గుంతలో దిగింది. ముందర ఎవరి వీపూ లేదు. ఒక చెయ్యి వెనక్కి పెట్టి నడుం పట్టుకున్నది ఈసారి నేను.