మూడో క్యాసెట్టు

పోయిన ఆదివారం పొద్దున మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త, ఫోన్లో మా కుటుంబం గ్రూపులో రెండు వీడియోలు పెట్టాడు. రెండువేల ఒకటో సంవత్సరంలో వాళ్ళు యూరప్ వెళ్ళినప్పుడు తీసిన పాత క్యాసెట్లట, షాపులో ఇచ్చి కంప్యూటర్లోకి ఎక్కించాడట. కింద ఒకరి తర్వాత ఒకరు చప్పట్లు, పూలు, కళ్ళనీళ్ళ బొమ్మలు. నేను కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఒకటికి రెండుసార్లు లెక్క చూసుకున్నాను. ఆయన తీసినవి మూడు క్యాసెట్లు. మూడోది పెట్టలేదు. మరిచిపోయే మనిషి కాదు కాబట్టి కావాలనే పెట్టలేదు, నా మొహం చూసి. ఇన్నేళ్ళ తర్వాత కూడా నా పరువు కాపాడుతున్నాడన్నమాట. ఎవరికైనా కృతజ్ఞత కలగాలి. నాకు మళ్ళీ కడుపు మండింది. ఈ మంచితనం కూడా ఆయనకే ఉండాలా?

ఈ కుళ్ళు ఎప్పుడు మొదలైందో చెప్పాలంటే మా అత్తగారింటికి వెళ్ళాలి. వాళ్ళది బెంగుళూరు పక్కన ఆనేకల్. తరాలుగా అక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్ళు, మాట్లాడేది తెలుగే గానీ అందులో పావువంతు కన్నడం. మామగారు రిటైరైన ఓవర్సీరు. ఏడేళ్ళపాటు ఆ ఇంటికి నేనొక్కడినే అల్లుణ్ణి. హాల్లో ఫ్యాన్ కింద కుర్చీ నాది, ఒబ్బట్టు మీద మొదటి గరిటె నెయ్యి నాది, మామగారి రాజకీయాలు వినే శిక్ష కూడా నాదే. మహదేవపుర దగ్గర ఫ్యాక్టరీలో సూపర్వైజరు ఉద్యోగం ఆ రోజుల్లో చిన్నదేం కాదు. ఆనేకల్ బస్టాండులో దిగితే నన్ను 'ఓవర్సీరు గారి అల్లుడు' అని గుర్తుపట్టేవాళ్ళు. అలాంటి చోటికి గుంటూరు నుంచి, సాఫ్ట్‌వేర్ నుంచి, జేబులో మొబైల్ ఫోన్తో ఈయన దిగాడు. మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు ఫ్యాన్ కింద కుర్చీలోంచి నేనే లేచి, మర్యాదకి, 'కూర్చోండి' అన్నాను. ఆయన కూర్చున్నాడు. అదీ నా బాధ. ఆ తర్వాత ఆ కుర్చీ ఎవరిదన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు, నాకు తప్ప.

పోనీ పొగరుబోతా అంటే అదీ కాదు. 'అన్నయ్యా' అని పిలిచేవాడు, వచ్చినప్పుడల్లా మా పిల్లలకి ఏదో ఒకటి తెచ్చేవాడు, కారులో మమ్మల్ని ఇంటిదాకా దింపుతాననేవాడు. నేను స్కూటరుంది కదా అనేవాడిని. వాన పడుతున్నా స్కూటరుంది కదా అనేవాడిని. వెనక కూర్చున్న మా ఆవిడ తడిసి ముద్దయ్యేది.

రెండువేల ఒకటి ఏప్రిల్లో ఒకరోజు, మా ఆవిడ కూరగాయలకి వెళ్ళినప్పుడు, ఫోన్ మోగింది. "అన్నయ్యా, మే నెలలో యూరప్ ట్రిప్ ప్లాన్ చేస్తున్నాం. పదకొండు రోజులు, ఏడు కంట్రీస్. మామయ్యగారూ అత్తయ్యగారూ వస్తున్నారు. మీరిద్దరూ కూడా రండి. మీకు లీవ్ ప్రాబ్లం అయితే వదిననైనా పంపండి, మేం చూసుకుంటాం" అన్నాడు. మా ఆవిడ బడిలో టీచరు. మే నెలంతా సెలవులే. పెళ్ళైన కొత్తలోనే తన పేర పాస్‌పోర్టు కూడా తీయించుకుంది, ఎప్పుడైనా పనికొస్తుందని. నాకు ఇవన్నీ తెలుసు. తెలిసి కూడా, ఆయన చెయ్యి పట్టుకుని మా ఆవిడ ఏడు దేశాలు చూసిరావడం ఊహించుకోగానే నా నోరు దానంతటదే తెరుచుకుంది. "మీ వదినకి ఈసారి పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ పడింది" అన్నాను. డ్యూటీ లేదు, ఏమీ లేదు. అయ్యో అన్నాడాయన. ఆ మాటెత్తితే ఆవిడ బాధపడుతుంది, ఎవరూ కదపొద్దని కూడా చెప్పాను. మా ఆవిడ వంకాయలతో తిరిగొచ్చింది. ఫోన్ సంగతి చెప్పలేదు. ఆ సాయంత్రమే చెబుదామనుకున్నాను, తర్వాత మర్నాడు అనుకున్నాను, తర్వాత చెప్పడానికి వీల్లేకుండా పోయింది.

వాళ్ళని సాగనంపడానికి పాత విమానాశ్రయానికి పదిహేనుమందిమి వెళ్ళాం. అత్తగారు పట్టుచీర కింద తెల్లటి స్పోర్ట్స్ బూట్లు వేసుకుని, ఎవరో వేసిన మల్లెపూల దండతో నిలబడితే, మా ఆవిడ వంగి ఆ బూట్ల లేసులు ముడివేసింది. అది చూసి నాకు సిగ్గేసిందని రాస్తే బాగుంటుంది. నిజం చెప్పాలంటే నేనప్పుడు తోడల్లుడి మెడలో వేలాడుతున్న కొత్త వీడియో కెమెరా వైపు చూస్తున్నాను. ఆ పదకొండు రోజులూ మా ఆవిడ రెండు బస్సులు మారి ఆనేకల్ వెళ్ళి అమ్మావాళ్ళ ఇంట్లో చెట్లకి నీళ్ళు పోసి వచ్చేది. నేను పేపర్లో ప్రపంచ నగరాల వాతావరణం చూసేవాడిని. పారిస్‌లో వాన అని ఉంటే ఆ రోజు ఇంకో ముద్ద ఎక్కువ తినేవాడిని.

వాళ్ళు తిరిగొచ్చిన రెండో ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆనేకల్ ఇంట్లో క్యాసెట్ల ప్రదర్శన పెట్టారు. హాల్లో ఇరవైమంది బంధువులు, చాప మీద కొందరు, గడపలో కొందరు. తోడల్లుడు కెమెరాకీ టీవీకీ మధ్య వైర్లు తగిలించి, గొంతు సవరించుకుని, "ఫస్ట్ రోమ్" అన్నాడు. టీవీలో నేల కనిపించింది. నేల మీద నడిచే బూట్లు కనిపించాయి. చాలాసేపు బూట్లే నడిచాయి. తర్వాత కెమెరా పైకి లేచింది, కొంచెం ఆకాశం, ఒక గోపురం అంచు, టక్. మళ్ళీ నేల, మళ్ళీ బూట్లు. "స్టార్టింగ్ ప్రాబ్లం అయ్యుంటుంది" అని క్యాసెట్టు ముందుకి తిప్పాడు. అక్కడా బూట్లే. కాసేపటికి ఆయన మొహం పాలిపోయింది. సంగతేమిటంటే, బటన్ ఒకసారి నొక్కితే కెమెరా తీయడం మొదలుపెట్టి లోపల ఎర్ర చుక్క చూపిస్తుంది, ఇంకోసారి నొక్కితే ఆగుతుంది. "రెడ్ అంటే స్టాపే కదా అన్నయ్యా" అన్నాడు దీనంగా. ఎర్ర చుక్క కనిపిస్తే ఆగిందనీ, పోతే నడుస్తోందనీ పదకొండు రోజులూ నమ్మాడు. బ్యాటరీ అయిపోతుందని వెనక్కి తిప్పి చూసుకోలేదు. చూడాల్సినవి వచ్చినప్పుడల్లా జాగ్రత్తగా ఆపాడు, కెమెరా దించగానే జాగ్రత్తగా మొదలుపెట్టాడు. బెంగుళూరులో ఎర్రదీపానికి నిజంగా ఆగే డ్రైవరు ఆయనొక్కడే, అదే కొంప ముంచింది.

నా జీవితంలో అంత హాయిగా ఏ సినిమా చూడలేదు. ఏడు దేశాల్లో ఒక్కటీ లేదు. వెనిస్ అన్నచోట పడవ అడుగుభాగం, అత్తగారి గొంతు, "ఊరంతా నీళ్ళే, కాళ్ళు కడుక్కునేదానికి ఒక నల్లి లేదు." నల్లి అంటే ఆవిడ కన్నడంలో కొళాయి. వంగిపోయిన గోపురం దగ్గర మామగారి చెప్పులు బస్సు మెట్టు మీద గట్టిగా ఆని ఉన్నాయి. దిగమని అల్లుడు బతిమాలుతున్నాడు. "పునాది చూసుకోకుండా కట్టినారు. దాని కింద నిలబడి ఫోటోనా? మీరు పోండప్పా, నేను ఈడ్నే ఉంటా" అంటున్నాడాయన. స్విట్జర్లాండ్ అంటే తెర నిండా తెలుపు, అందులోంచి అత్తగారి కేక, "నవ్వేది ఆపి లేపండప్పా!" హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. అందరికన్నా గట్టిగా నేను నవ్వాను. తోడల్లుడి భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే, ఎవరికైనా జరుగుతుంది" అని ఓదార్చాను కూడా. ఎప్పటికో దొరికిన అవకాశం, ఓదార్చే వంతు నాది కావడం.

"లాస్ట్‌ది పారిస్, ఇందులోనూ ఏం ఉండదు" అని ఆయన తీసేయబోతే, "వెయ్యి, వెయ్యి" అని నేనే పట్టుబట్టాను. తెర మీద పచ్చగడ్డి వచ్చింది. ఒక మూలన అత్తగారి తెల్లబూటు. ఆవిడ మోకాళ్ళు నొప్పి అని బెంచీ మీద కూలబడితే, మరదలు తోడుగా కూర్చుంది. తోడల్లుడు కెమెరా ఆపాననుకుని వాళ్ళిద్దరి మధ్యా పెట్టి, తన పిల్లల్నీ మామగారినీ తీసుకుని టవరు ఎక్కే క్యూకి వెళ్ళాడు. గడ్డి కదలకుండా ఉంది. మా ఆవిడ అప్పుడే వంటింట్లోంచి చెక్కల్లాంటి నిప్పట్ల పళ్ళెం పట్టుకుని వచ్చి టీవీ పక్కన నిలబడింది.

"పెద్దదీ వచ్చుంటే ఎంత బాగుండు," అంది అత్తగారి గొంతు. "ఏం చూసినా దాని మొకమే కండ్లముందర ఉండాది."

"పిలవకుండా ఉంటామామ్మా?" అంది మరదలి గొంతు. "ఈయనే బావకి ఫోన్ చేసినాడు. మీకు లీవు లేకుంటే అక్కనైనా పంపండి అన్నాడు. అక్కకి టెన్త్ పేపర్లు దిద్దే డ్యూటీ పడిందని బావ చెప్పినాడంట."

"పాపం, ఎండలో పేపర్లు దిద్దతా కూర్చోనుంటాది," అంది అత్తగారు.

హాల్లో నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మా ఆవిడ ఆ పదకొండు రోజులూ ఈ ఇంటి చెట్లకి నీళ్ళు పోసిందని అక్కడున్న అందరికీ తెలుసు. తోడల్లుడు గబుక్కున కెమెరా ఆపేశాడు. ఆవిడ పళ్ళెం బల్ల మీద పెట్టి, మామూలు గొంతుతో ఆయనతో అంది, "అప్పా, అది ఇంకోసారి వెయ్యి. సరిగ్గా వినపళ్ళేదు."

"ఏం లేదు వదినా, గడ్డే కదా..."

"గడ్డి బాగుండాది. వెయ్యప్పా."

ఆయన నా వైపు చూశాడు. నేను ఫ్యాన్ వైపు చూశాను. క్యాసెట్టు వెనక్కి తిరిగింది. మళ్ళీ అదే గడ్డి, అదే బూటు, అవే మూడు మాటలు, ఈసారి ఒక్క అక్షరం పోకుండా అందరికీ వినిపించాయి. చెవులు సరిగ్గా వినపడని మామగారొక్కరే, "టవరు ఎప్పుడొచ్చేది?" అని అడిగారు. అత్తగారు తల వంచుకుని కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. కాసేపటికి మా ఆవిడ అందరికీ కాఫీ తెచ్చింది. మొదటి గ్లాసు నాకే ఇచ్చింది. అంత వేడి కాఫీ నేను ఎప్పుడూ తాగలేదు.

సాయంత్రం స్కూటరు మీద ఇంటికి బయల్దేరాం. హెబ్బగోడి దాటాం. ఆదివారం కావడంతో ఫ్యాక్టరీలు మూసి ఉన్నాయి, రోడ్డు మీద సైకిళ్ళు లేవు. అప్పుడంది, "నన్ను అడిగుంటే నేనే వద్దనుందును. మిమ్మల్ని ఇడిచిపెట్టి నేను పోతానా?" అంతే. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎలాగూ వెళ్ళేది కాదు కాబట్టి నేను చేసిన నష్టం ఏమీ లేదని తీర్మానించుకున్నాను. గుండెలో ముల్లు కదిలినప్పుడల్లా ఆ మాట తీసుకుని రాసుకునేవాడిని, తలనొప్పికి మందులాగా. దాన్ని అలా ఎనిమిదేళ్ళు వాడాను.

ఆ ఎనిమిదేళ్ళలో అత్తగారు పోయింది. వాళ్ళు యూరప్ నుంచి వచ్చిన నాలుగో ఏడు, పెద్ద జబ్బేమీ లేకుండా, ఒక వారంలో. రెండువేల తొమ్మిదిలో నేను రిటైరయ్యాక, ఎవరి సాయమూ లేకుండా, నా సొంతంగా, మా ఆవిణ్ణి అదే ఏడు దేశాలకీ తీసుకెళ్ళాను. తోడల్లుడు చూసినవాటిలో ఒక్కటీ వదలకూడదని నా పంతం. కెమెరా వాడటం నెల ముందునుంచే నేర్చుకున్నాను. గోపురాలన్నీ నిటారుగా, మొత్తంగా, తలా తోకా కనిపించేలా తీశాను. వెనిస్‌లో మా ఆవిడ కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళసీసా కూడా పట్టుకెళ్ళాను. ఆవిడ నిలబెట్టినచోట నిలబడింది, నవ్వమంటే నవ్వింది.

పారిస్‌లో టవరు ముందు గడ్డి ఉంది, చుట్టూ బెంచీలున్నాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఆవిడ ఒక్కొక్కటే చూసుకుంటూ నడిచి, చివరికి ఒకదాని మీద ఒక పక్కగా కూర్చుంది, ఇంకొకరికి చోటు వదిలి. నేను ఆ చోట్లో కూర్చోలేకపోయాను. ఎదురుగా నిలబడి ఫోటో తీయబోతే చేత్తో వద్దంది.

"ఆ పొద్దు స్కూటర్ మీద ఒక మాటంటి కదా," అంది. "అడిగుంటే నేనే వద్దనుందును అని. అది ఊరికే అంటిని. మీరు పడిపోయేట్టు ఉంటిరి, దానికి. అడిగుంటే వచ్చుందును. ఈడ అమ్మ పక్కన కూర్చోనుందును."

కోపంగా అనలేదు. టైమెంతయిందని అడిగినట్టే అంది. నాకు ఆ క్షణంలో కూడా కుళ్ళే పుట్టిందంటే నమ్మండి, ఎనిమిదేళ్ళ కిందట ఏ టవరూ చూడకుండా, కాళ్ళు నొప్పులతో, గడ్డి వైపు చూస్తూ ఈ బెంచీ మీద మాట్లాడుకున్న ఆ ఇద్దరు ఆడవాళ్ళ మీద. వాళ్ళతో మూడో మనిషికి చోటుండేది. తల ఎత్తి చూశాను. టవరు ఎక్కడికీ పోలేదు, ఎంత ఆలస్యంగా వచ్చినవాళ్ళకైనా కనిపిస్తూనే ఉంటుంది. ఆ మే నెల మాత్రం ఒక్కసారే మా ఇంటికి ఫోన్ చేసింది, తీరిక లేదని చెప్పి నేనే పెట్టేశాను.