దాచిన సగటు

అమెరికాలో ఈరీ పట్టణంలోని ఆ ప్రభుత్వ హైస్కూల్లో, ఏ కాలేజీకి ఎలా దరఖాస్తు పెట్టుకోవాలో పిల్లలకు చెప్పే ఉద్యోగం లొరెట్టా పులాస్కీది. ఇరవై ఆరేళ్లుగా అదే గది, అదే కుర్చీ. నోరు కాస్త దురుసు, మనసు మాత్రం వెన్న. తన స్కూలును ఎవరైనా పల్లెత్తు మాటంటే ఊరుకునేది కాదు.

అక్టోబరు ఆఖరి వారంలో కోరిన్ డుడెక్ వచ్చి ఎదురుగా కూర్చుంది. తండ్రి వెల్డరు. ఆ ఇంట్లో ఇంతవరకు కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. ఈ పిల్లేమో వందమందిలో పదిమందిని కూడా తీసుకోని కాలేజీ మీద ఆశ పెట్టుకుంది. కాలేజీ సీట్ల కోసం రాసే శాట్ పరీక్షలో పదహారు వందలకు పదమూడు వందల తొంభై వచ్చాయి. దరఖాస్తుతో ఆ మార్కులు పంపడం, మానడం పిల్లల ఇష్టమే. గడువు ఇంకా నాలుగు రోజులుంది.

"పంపనండీ," అంది కోరిన్. "అక్కడ చేరేవాళ్లలో ఎక్కువమందికి పద్నాలుగు వందల యాభై పైనే. తక్కువైతే దాచేయమని ఇంటర్నెట్లో అందరూ చెబుతున్నారు."

"నీ సిఫార్సు ఉత్తరం ఇంటర్నెట్ రాస్తుందా, నేను రాస్తానా? నోరుమూసుకుని పంపు. ఈ అయిదేళ్లలో మన స్కూల్లో పదమూడు వందలు దాటింది నువ్వొక్కదానివే."

"ఆ సంగతి వాళ్లకెలా తెలుస్తుంది?"

"ప్రతి దరఖాస్తుతోనూ మన స్కూలు వివరాల పేజీ వెళ్తుందిగా. రాసేది నేనే, చూడు."

లొరెట్టా గర్వంగా కంప్యూటరు తెర ఇటు తిప్పింది. బ్యాండు బృందం, కుస్తీ బహుమతులు, కొత్త కెమిస్ట్రీ ల్యాబు, అన్నీ ఉన్నాయి. కోరిన్ పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది.

"ఇందులో మన స్కూలు శాట్ సగటు లేదేమండీ?"

తొమ్మిదేళ్ల కిందట ఏదో కాలేజీ నుంచి వచ్చినాయన ఆ పేజీలో సగటు చూసి "పాపం" అన్నాడు. ఆ మాటకు ఒళ్లు మండి, మర్నాడే లొరెట్టా ఆ వరుస కొట్టేసింది. తర్వాత ఏటా పేజీ మార్చినా, ఆ వరుస జోలికి పోలేదు.

"తొమ్మిది వందల నలభై. పదిమందిలో చెప్పుకునే సంగతా అది?"

"మీది దాచుకుని, నన్ను మాత్రం పంపమంటున్నారా?" అని నవ్వింది కోరిన్.

లొరెట్టా నవ్వలేకపోయింది. పాత విద్యార్థిని డెనీస్ గుర్తొచ్చింది. ఆరేళ్ల కిందట ఆ పిల్ల పదమూడు వందల నలభై పంపితే కాలేజీ కాదంది. లొరెట్టా వారం రోజులు ఆ కాలేజీని తిట్టిపోసింది. ఆ మార్కులు తొమ్మిది వందల నలభై సగటున్న స్కూల్లోంచి వచ్చాయని వాళ్లకు చెప్పనిది తనేనని ఇప్పుడు తెలిసింది. మాట్లాడకుండా ఆ వరుస మళ్లీ టైపు చేసింది. కోరిన్ కూడా తన మార్కులు పంపింది.

డిసెంబరు మధ్యలో కోరిన్‌కు సీటొచ్చింది. లొరెట్టా ఆ పిల్లను పట్టుకుని, సిగ్గు లేకుండా ఏడ్చింది. కోరిన్ వెళ్లాక తలుపేసి, బఫెలో నగరంలో నర్సుగా ఉన్న డెనీస్‌కు ఫోన్ చేసి, జరిగిందంతా దాచకుండా చెప్పింది.

"తప్పు నాదేనమ్మా. నీ మార్కులు తక్కువేం కాదు," అంది.

"నాకిక్కడ బాగానే ఉందండీ," అంది డెనీస్. "కానీ ఇన్నేళ్లూ నేను తక్కువదాన్నేమో అనుకున్నాను."