బూట్లు విప్పి చూడాల్సిన ప్లాను

మా అవ్వ ఉమ్సునైకి కాగితం గిట్టదు. గిట్టదంటే మామూలుగా కాదు, చేతికి కాగితం ఇస్తే పట్టకారు కోసం వెతుకుతుంది. మూడేళ్ళ కిందట ఒక ఉదయం టీ తాగుతూ తాగుతూ, "ఇవాళ్టినుంచి నేను కాగితం ముట్టను. చెప్పదలుచుకున్నదేదో ఉన్నిలోనే చెప్తా" అని ప్రకటించింది. ఎందుకని మా అమ్మ అడిగితే, "తడిస్తే ఏడుస్తుంది, మండితే నవ్వుతుంది. అలాంటిదాన్ని ఎలా నమ్మమంటావు?" అంది.

కిర్గిజ్ కొండల్లోని మా ఇంట్లో ఉన్నికి కొదవ లేదు. గొర్రె ఉన్నిని కర్రలతో చితక్కొట్టి, మరిగే నీళ్ళు పోసి, రెల్లు చాపలో చుట్టి, ఆరుగురు ఆడవాళ్ళు వరుసగా నిలబడి దాన్ని తన్ని తన్ని మందపాటి ఉన్నిచాపలు చేస్తారు. వాళ్ళకు మా అవ్వ నాయకురాలు. ఆవిడ రంగురంగుల ముక్కలు కోసి, అతికి, కోత వెంట ఉబ్బెత్తుగా తాడు పెట్టి కుట్టిందంటే ఆ చాప మీద మూడు తరాలు దొర్లొచ్చు. ఆ ఉదయం నుంచి ఆవిడ ఉత్తరాలు కూడా అలాగే తయారయ్యాయి.

ఆ ఏడు నేను తొమ్మిదో తరగతి. మార్కుల పట్టీ మీద పెద్దవాళ్ళ సంతకం కావాలన్నారు. అవ్వ అరచేతంత ఉన్నిముక్క పంపింది. మధ్యలో కొమ్ములు లేని పొట్టేలు. లెక్కల మేష్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీనర్థం ఏమిటే బురుల్?" అని అడిగాడు.

"పొగరుంది, పొడవడానికి ఏమీ లేదు అని సార్."

"మీ అవ్వ నిన్ను బాగా చదివింది" అన్నాడాయన. మరుసటి ఏడు నేను బడి మానేశాను. ఆ పొట్టేలు మాత్రం ఇంకా బడి గోడ మీదే ఉందట.

కరెంటు పోతే కరెంటు ఆఫీసుకు ఆరిపోయిన బల్బు కుట్టి పంపింది. లైన్‌మన్ అదే రోజు పరిగెత్తుకొచ్చాడు. కరెంటు బాగుచేస్తాడేమో అని మేం సంతోషించేలోపే, "ఆపా, ఇలాంటివి ఇంకో నాలుగు కుట్టిస్తావా, మా ఆవిడకి తెగ నచ్చింది" అన్నాడు. మా ప్రాంతంలో పెద్దావిడ ఎవరైనా సరే అందరికీ ఆపాయే. ఆ రాత్రి అందరం చీకట్లోనే భోంచేశాం.

అందరికంటే ఎక్కువ ఉత్తరాలు అందుకున్నది పక్కింటి సోపుబెక్ తాత. ముప్పై ఏళ్ళు కొండ కనుమ మీద లారీ తోలిన మనిషి. గొంతు ఇప్పటికీ హారన్ లాగే ఉంటుంది. ఒకసారి అవ్వ ఆయనకి ఒకే ముక్క మీద ఆవు, కంచె, కర్ర కుట్టి పంపింది. మీ ఆవు మా కంచె దాటింది, ఇంకోసారి దాటితే కర్ర లేస్తుంది అని. అరగంటలో గోడ అవతలి నుంచి జవాబొచ్చింది. "ఉమ్సునై! ఆవు బాగా కుదిరింది! కర్ర మరీ సన్నం, దానికి నా ఆవు భయపడదు!"

"నీకు భయపడుతుందేమో కనుక్కో ముందు!" అని అవ్వ ఇటునుంచి.

ఇలా హాయిగా సాగిపోతుండగా పోయిన మార్చిలో మంచు బరువుకి మా పెరట్లో ఉన్నిపని చేసే పాక కుప్పకూలింది. ఆరుగురు ఆడవాళ్ళకి చలికాలమంతా పని, తిండి ఆ పాకలోంచే వచ్చేవి. ఎండాకాలం ఆరుబయట ఎలాగో లాక్కొచ్చాం. చలి మొదలైతే బయట పోసిన వేడినీళ్ళు ఉన్నిని చేరేలోపే గడ్డకడతాయి. అక్టోబరు నడిమికల్లా నేల గట్టిపడి పునాది కూడా తవ్వనివ్వదు. ఈలోగా అక్కడ గట్టి గది ఒకటి లేవాలి.

ఇదివరకైతే బంధువుల్ని పిలిచి, గొర్రెను కోసి, వారంలో గోడలు లేపేసేవాళ్ళం. ఇప్పుడు అనుమతి లేనిదే ఇటుక మీద ఇటుక పెట్టకూడదట. వసంతంలో రొట్టెల ఏసెన్ గ్యారేజీని బుల్‌డోజర్ వచ్చి ఒక్క తోపు తోసింది. లోపల కారుంది కూడా.

సెప్టెంబరులో అవ్వ నన్ను వెంటబెట్టుకుని నగర కట్టడాల ఆఫీసుకి వెళ్ళింది. అక్కడ జిపార్ అనే గుమాస్తా పిల్ల వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. "ఆపా, దరఖాస్తు ఒకటి. ప్లాను రెండు కాపీలు. మీ గది పక్కింటి గోడకి ఆనుతోంది కాబట్టి, ప్లాను చూసి ఒప్పుకున్నట్టు ఆ ఇంటాయన సంతకం." అవ్వకి కాగితం గిట్టదన్న సంగతి ఊరంతటికీ తెలుసు కాబట్టి, పాపం ఆ పిల్లే కూర్చుని ప్లాను గీసి నా చేతికిచ్చింది.

నేను దాన్ని సోపుబెక్ తాత దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చాచిన చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"నాకు నచ్చలేదు."

"ఏది నచ్చలేదు తాతా? గోడా, కిటికీనా?"

"గోడ, కిటికీ, గీసినవాళ్ళ మొహం. అన్నీ."

మర్నాడు వెళ్తే గాలిగా ఉంది, రేపు రమ్మన్నాడు. మూడోరోజు వెళ్తే గాలి లేదు, అందుకని రేపు రమ్మన్నాడు. నేను మండిపడుతూ ఇంటికొచ్చి, "అవ్వా! ఆ ముసలాయన ప్లాను తలకిందులుగా పట్టుకుని మరీ వంకలు పెడుతున్నాడు!" అన్నాను.

అవ్వ నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు.

"ఈ మాట ఎవరికైనా చెప్పావా?"

"ఇంకా లేదు. దారిలో ఎవరూ కనపడలేదు."

"చెప్పావంటే నిన్ను ఉన్నిలో చుట్టి తన్నిస్తా." అని, ఆ ప్లాను నా చేతిలోంచి లాక్కుని, పొయ్యిలో పడేసింది.

మా అమ్మ కెవ్వుమంది. "అత్తయ్యా! ఇంకో మూడు వారాల్లో నేల బిగుసుకుపోతుంది! పాపం ఆ పిల్ల రోజంతా కూర్చుని గీసింది!"

"చూశావా, ఎలా నవ్వుతోందో" అంది అవ్వ, మంట వంక చూస్తూ. "ఆ జిపార్ రెండు కాపీలంది కదూ? నాకంటే బాగా రెండు కాపీలు ఎవడు తీయగలడు?"

అది నిజం. మా ఉన్నిచాప ఎప్పుడూ జంటగానే పుడుతుంది. ఎర్ర ఉన్ని, నల్ల ఉన్ని ఒకదాని మీద ఒకటి పరిచి ఒకే కోత కోస్తారు. ఎర్రదాంట్లోంచి వచ్చిన ముక్క నల్లదాంట్లోకి, నల్లది ఎర్రదాంట్లోకి. నాలుగు రోజులు ఆరుగురు ఆడవాళ్ళూ నేనూ కలిసి తన్నాం. ఇంకో ఆరు రోజులు అవ్వ సూది కింద పెట్టలేదు. మీటరుకి ఒక జాన చొప్పున గోడలు, గుమ్మం, కిటికీలు, పొయ్యి, నీళ్ళు పోయే కాలువ, పక్కన సోపుబెక్ తాత గోడ. ప్రతి గీత మీదా వేలెడు మందాన తాడు. ఎవరు చూసినా మా అవ్వకి పిచ్చి ముదిరిందనే అన్నారు. నేను కూడా అన్నాను. వీపు మీద ఒకటి తిన్నాను.

రెండు చాపల్నీ బండి మీద వేసుకుని ఆఫీసుకి వెళ్ళి, నడవాలో పరిచాం. నడవా మొత్తం నిండిపోయింది. లోపలున్నవాళ్ళు బయటికి రావాలన్నా, బయటున్నవాళ్ళు లోపలికి పోవాలన్నా మా గది మీదుగానే. పెద్ద ఇంజనీరు సాగిన్‌బాయ్ గారు గదిలోంచి రుసరుసలాడుతూ వచ్చి, అంచు దగ్గర టక్కున ఆగిపోయారు. ఉన్నిచాప మీద బూట్లతో అడుగు పెట్టేంత ధైర్యం మా కిర్గిజ్‌వాళ్ళలో ఇంజనీరుకైనా ఉండదు. ఆయన గోడ పట్టుకుని బూట్లు విప్పారు. ఎడమ మేజోడులోంచి బొటనవేలు బయటికొచ్చి అందర్నీ పలకరించింది.

"ఏమిటిది ఆపా?"

"ప్లాను నాయనా. ఎర్రది ఒక కాపీ, నల్లది ఒక కాపీ."

"ప్లాను కాగితం మీద ఉండాలి."

"అలాగని ఎక్కడుంది? చదవమను."

జిపార్ నిబంధనల పుస్తకం తెచ్చి చదివింది. "ప్లాను స్పష్టంగా, కొలతలకు సరిపడేలా, సులువుగా చెరిగిపోని విధంగా ఉండవలెను." అంతే. కాగితం ఊసే లేదు. రాసినవాడికి ఇలాంటి ముసలావిడ ఒకత్తి పుడుతుందని తట్టి ఉండదు.

సాగిన్‌బాయ్ గారు టేపు తెప్పించి, మోకాళ్ళ మీద కూర్చుని, అవ్వ జానని కొలిచారు. ఇరవై సెంటీమీటర్లు, వెంట్రుకవాసి తేడా లేదు. గోడలు కొలిచారు. సరిపోయాయి. కిటికీలు కొలిచారు. సరిపోయాయి. ఆయన చెమట తుడుచుకున్నారు.

"మరి చెరిగిపోకపోవడం?" అన్నారు చివరికి.

అవ్వ ఆయన బల్ల మీదున్న టీ కప్పు తెచ్చి, చాప మీది పొయ్యి దగ్గర ధారగా పోసింది. నడవాలో క్యూ కట్టినవాళ్ళంతా ఊపిరి బిగబట్టారు. అవ్వ కండువాతో తుడిచింది. పొయ్యి ఉన్నచోటే ఉంది.

"ఇప్పుడు మీ కాగితం మీద పోద్దామా?" అంది.

క్యూలోంచి చప్పట్లు మోగాయి. సాగిన్‌బాయ్ గారు లేచి నిలబడి, "సరే. రేపు నేనే మీ ఇంటికొస్తా. పక్కింటాయన నా ఎదుట చూసి ఒప్పుకోవాలి" అన్నారు. పోతూ పోతూ నిబంధనల పుస్తకం వంక ఒక చూపు చూశారు. దాన్ని పొయ్యిలో పెట్టే చూపు.

మర్నాడు మా పెరట్లో రెండు చాపలూ పరిచాం. అవ్వ గోడ మీదుగా కేకేసింది. "సోపుబెక్! రా! బూట్లు విప్పి రా!"

సోపుబెక్ తాత నెమ్మదిగా వచ్చాడు. బూట్లు, మేజోళ్ళు విప్పి, ఎర్రచాప మీద కాలు పెట్టాడు. కాలివేళ్ళకి తాడు తగిలింది. ఆగాడు. ఆ తాడు వెంట నాలుగడుగులు నడిచాడు. ఆయన మొహం మారిపోయింది.

"ఇది గుమ్మం" అన్నాడు. "ఇది పొయ్యి. పెద్దదే పెట్టావు ఉమ్సునై, ఏనుగును ఉడకేస్తావా?" మోకాళ్ళ మీద కూర్చుని అరచేతులతో తడుముకుంటూ ముందుకు పోయాడు. "ఇది మా గోడ. ఇదిగో... ఆగు, ఆగు. ఈ కాలువ మా వైపు తిరిగిందేమిటి? మంచు కరిగితే నీళ్ళన్నీ నా పునాదిలోకా?"

సాగిన్‌బాయ్ గారు వంగి చూశారు. నాలుక కరుచుకున్నారు. నిజమే. నిన్న ఆయన కొలిచినవాటిలో కాలువ లేదు.

"కాలువ బాగానే ఉంది!" అని అవ్వ గయ్యిమంది.

"ముప్పై ఏళ్ళు కనుమ మీద బతికాను. నీళ్ళు ఎటు పోతాయో నువ్వా నాకు చెప్పేది? వీధివైపు తిప్పు! లేదంటే సంతకం లేదు!"

"మొండిఘటం!"

"నువ్వేం తక్కువా!"

అవ్వ సణుక్కుంటూ కత్తెర తీసి, రెండు చాపల్లోనూ ఆ తాడు పీకి, వీధివైపు తిప్పి కుట్టింది. సోపుబెక్ తాత ఇంకోసారి తడిమి చూసి, తల పంకించి, "ఇప్పుడు నచ్చింది. సంతకం ఎక్కడ?" అన్నాడు.

ఉన్ని మీద పెన్ను పారలేదు. ఆయన చెయ్యి చాచాడు. "సూదివ్వు. కొండ మీద టార్పాలిన్ చిరిగితే నాకెవరు కుట్టిపెట్టారనుకున్నారు?" అవ్వ దారం ఎక్కించి మరీ ఇచ్చింది. ఆయన రెండు చాపల మూలల్లోనూ లారీ చక్రం కుట్టాడు. కొంచెం కోడిగుడ్డులా వచ్చింది, అయినా చక్రమే.

సాగిన్‌బాయ్ గారు అంతసేపూ ఆయన కళ్ళ వంకే చూస్తున్నారు. "ఇంత శ్రద్ధగా ప్లాను చూసిన పక్కింటాయన్ని నా ఉద్యోగంలో చూడలేదు బాబాయ్" అని మాత్రం అన్నారు. నల్లచాప ఆఫీసుకి, ఎర్రచాప సోపుబెక్ తాతకి. ఒప్పుకున్నవాడి దగ్గర కూడా ఒక కాపీ ఉండాలని ఇంజనీరు గారే అక్కడికక్కడ ఒక నిబంధన పుట్టించారు.

రెండు రోజుల్లో ముద్రతో సహా అనుమతి వచ్చింది. అది మాత్రం కాగితమే. వీధి వీధంతా కేకలు, టీలు, వేయించిన రొట్టెలు. ఆ సందడిలో నేను ఏదో పనిమీద గదిలోకి వెళ్తే, అవ్వ కిటికీ దగ్గర కళ్ళద్దాలు పెట్టుకుని ఆ కాగితాన్ని మొదటినుంచి చివరిదాకా చదువుకుంటోంది. పక్కన పరుపు కిందనుంచి వార్తాపత్రికలు తొంగిచూస్తున్నాయి. ఒక మూడేళ్ళ కట్ట.

"అవ్వా! దొరికిపోయావు!"

"తలుపేయవే, చలి."

నేను తలుపేసి కూర్చున్నాను. నాకు లెక్కలు రావు కానీ ఈ ఒక్క లెక్క వచ్చింది. మూడేళ్ళ కిందటే సోపుబెక్ తాత ఉన్నట్టుండి లారీ అమ్మేశాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

"ఆయనకి కళ్ళు కనపడవు, అవునా?"

"గట్టిగా అరవకు. ఆయన కళ్ళ సంగతి ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. నలిపేస్తావా?"

"మరి ఊరందరికీ ఉన్నిముక్కలెందుకు పంపావు? ఆయన ఒక్కడికే పంపితే సరిపోయేది కదా!"

"ఒక్కడికే పంపితే ఆయనకి తెలిసిపోదూ? అందరికీ పంపితే ముసల్దానికి పిచ్చెక్కింది అనుకుంటారు. అనుకోనీ. నాదేం పోయింది?"

నేను ఇంకాస్త ఆలోచించాను. ప్లానులో తాళ్ళన్నీ జంటకుట్టు. ఆ కాలువ తాడు మాత్రం ఒంటికుట్టు, ఒక్క లాగుకే ఊడొచ్చింది. "ఆ కాలువ కావాలనే తప్పు పెట్టావు!"

"పెద్దమనిషిని పిలిచి ప్లాను చూపించినప్పుడు, పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదే."

"మరి మా లెక్కల మేష్టారికి పంపిన పొట్టేలు? అది కూడా ఆయన కోసమేనా?"

"లేదు. అది మాత్రం నీ గురించే" అంది అవ్వ, కళ్ళద్దాలు తీస్తూ.

నేల బిగుసుకోవడానికి సరిగ్గా ఐదు రోజుల ముందు పునాది పడింది. కాలువ వీధివైపే. మొదటి మంచు కురిసేనాటికి కప్పు పడి, పొయ్యి వెలిగి, గది నిండా ఆవిరి. బయట తెల్లగా, లోపల ఎర్రగా కాగుతున్న మొహాలు. సోపుబెక్ తాత పిలవకుండానే వచ్చి, గోడవారన స్టూలు వేసుకుని, ఉన్నిచుట్ట దొర్లే చప్పుడు విని మాకు దారి చెప్పడం మొదలెట్టాడు.

"ఎడమవైపు వెనకబడింది! తన్నండి! ఇంకొంచెం ఎడమకి! అద్గదీ! ఇప్పుడు నేరుగా పోనీ!"

"అరవకయ్యా, ఇది లారీ కాదు!" అంది అవ్వ.

"లారీ అయితే ఈపాటికి కనుమ దాటేసేవాణ్ణి! తన్నండమ్మా, తన్నండి!"

మేం ఏడుగురం కొత్త గోడలు అదిరేలా తన్నాం.