ఊరి కట్టు బయట ఆగిన సైకిలు

1955 చలికాలంలో నన్ను బనగానపల్లెకు టూరింగ్ వెటర్నరీ అసిస్టెంట్ సర్జనుగా వేశారు. హోదా పేరు బారెడుండేది గాని, ఊళ్ళలో మమ్మల్ని 'గొడ్ల డాక్టరు' అనే అనేవారు. టూరింగ్ అంటే ఆసుపత్రిలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు కాదు, రోగం ఉన్న చోటికి తానే వెతుక్కుంటూ పోవలసినవాడు. జీపు జిల్లా అధికారికే ఉండేది. మాకు సైకిలే గతి.

అప్పట్లో పశువులకు పెద్దరోగం వచ్చేది. డిపార్టుమెంటు కాగితాల్లో దాని పేరు రిండర్‌పెస్టు. ముందు జ్వరం, తరువాత నోట్లో పుళ్ళు, ఆపైన పారుడు, వారం తిరిగేసరికి గొడ్డు నేలపాలు. పట్టుకున్నాక మందు లేదు. పట్టుకోక ముందే టీకా వేయాలి. ఆ టీకా పొడి రూపంలో గాజు బుడ్డిలో వచ్చేది. చల్లటి సెలైనులో కలిపి, కలిపిన రెండు గంటల లోపల వేసేయాలి. వేడి తగిలిందా, పశువుకు నీళ్ళు పొడిచినట్టే. అందుకే మా తిరుగుళ్ళన్నీ చలికాలంలోనే పెట్టుకునేవాళ్ళం. రంపపు పొట్టులో చుట్టిన ఐసు నంద్యాల బస్సులో వచ్చేది. దాన్ని పగలగొట్టి థర్మాసు ఫ్లాస్కులో నింపుకుని, ఫ్లాస్కును గోనెపట్టాలో చుట్టి క్యారియరుకు కట్టుకునేవాణ్ణి.

ఇక సైకిలు సంగతి. మంచు దేశాలవాళ్ళు చలికాలానికి వేరే టైర్లు వేసుకుంటారట. మా సీమలో మంచు పడదు, ముళ్ళు రాలతాయి. వానలకు నేలంతా పాకిన పల్లేరు తీగ కార్తీకం దాటేసరికి ఎండిపోయి, కాయలన్నీ దారిన పడతాయి. ఎటు తిప్పి వేసినా ఒక ముల్లు పైకే ఉండే కాయ అది. దీనికి తోడు ఎర్రమల కొండ దారిలో నాపరాళ్ళు. తెల్లవారుజామున వాటి మీద పొగమంచు తడి ఉంటే బ్రేకు పట్టినా చక్రం జారిపోతుంది.

బజారులో హుసేన్ సాహెబు సైకిలు షాపు ఉండేది. ఆయన నాకు సన్నటి టైర్లున్న తేలిక బండి చూపించాడు, కొండ సులభంగా ఎక్కుతుందని. నేను ఒప్పుకోలేదు. ఇరవయ్యెనిమిది అంగుళాల చక్రాలున్న నల్లటి బరువు బండి తీసుకుని, దానికి లోతు గాడులున్న లావు టైర్లు వేయించాను. ఒక పాత టైరు అంచులు కోయించి, ట్యూబుకూ కొత్త టైరుకూ నడుమ పరిపించాను. బ్రేకు రబ్బర్లు కొత్తవి. రాళ్ళ మీద ఎగరకుండా గాలి ఒక పిసరు తక్కువ.

"ఇది సైకిలు గాదు సార్, దున్నపోతు. కొండెక్కేటప్పుడు మీరే దీన్ని మోసుకోని పోవాల" అని నవ్వాడు సాహెబు. నిజమే, ఎక్కుడంతా తోసుకునే పోయేవాణ్ణి. కాని ఆ చలికాలమంతా నా చక్రానికి ముల్లు దిగలేదు. ఆ విషయంలో నాకు ఇప్పటికీ గర్వమే.

ఆ ఉదయాలు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచి వస్తుంది. హ్యాండిలు ఇనుము వేళ్ళకు చురుక్కుమనేది. ఎక్కుడు ముగిసి కొండ మీది చదును చేరగానే బోదగడ్డి వాసన, కింద జొన్న చేల మీద పలచగా పరుచుకున్న పొగమంచు. దిగుడులో బ్రేకు కడ్డీలు కిర్రుమంటుంటే నా అంత మొనగాడు లేడనిపించేది.

ఆ ఏడాది కొండకు ఇవతలి ఊళ్ళో రోగం పడింది. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ముందే టీకా వేసి రోగాన్ని మధ్యలో బిగించడం మా పద్ధతి. కొండ అవతలి పల్లెకు నేను బయలుదేరాను. ఊరి పేరు చెప్పను, అక్కడి మనుమలు ఇప్పుడు ఈ సంగతి నమ్మరు.

బారెడు పొద్దెక్కేసరికి ఊరి మొగదలకు చేరాను. దారికి అడ్డంగా వేపమండలు కట్టిన తాడు. ఊరు కట్టేశారు. రోగం పక్క ఊరికి వచ్చిందంటే అప్పట్లో పల్లెలు అలా పొలిమేర బిగించేవి, అమ్మవారిని సాగనంపేదాకా.

"ఈడనే నిలబడు సార్. లోపలి గొడ్డు బయటికి పోదు, బయటి కాలు లోపలికి రాదు" అన్నాడు ఊరిపెద్ద నరసప్ప. కట్టు విప్పేది శుక్రవారమట. నా ఐసు మధ్యాహ్నం దాకా ఉంటే గొప్ప. నేను కోపం పట్టలేక, తహసీల్దారుకు రాస్తానన్నాను. రాసుకోమన్నాడు.

తాడు అవతల చేరిన గుంపులోంచి ఓబులమ్మ అనే నడివయసు మనిషి ముందుకొచ్చింది. మగడు లేడు. ఉన్న ఒక్క జత ఎద్దులతో నలుగురి చేలల్లో దున్నించి బతుకుతుందని తరువాత తెలిసింది.

"నిన్న యాడికి పోయింటివప్పా?" అని అడిగింది. రోగం పడిన ఊరికేనని ఉన్న మాట చెప్పాను. గుంపు వెనక్కి జరిగింది. రోజూ సాయంత్రం టైర్లు, చెప్పులు ఫినాయిలుతో కడగడం మా నిబంధన అనీ, కడిగాననీ చెప్పాను. ఆమె నమ్మలేదు. సైకిలు తాడు పక్కన పడుకోబెట్టమంది. ముల్లుతో టైరు గాడిలో మట్టి గీకి వాసన చూసింది.

"పేడ గాదు, ఆసుపత్రి వాసన ఉండాది" అని నరసప్ప వైపు తిరిగింది. "కాలు రాగూడదు సరే మామా. చెయ్యి రాగూడదని యాడుండాది?"

నరసప్ప చాలాసేపు ఆలోచించి, చెయ్యి రావచ్చన్నాడు.

అలా నేను తాడుకు ఇవతలే నిలబడి, చెయ్యి మాత్రం అవతలికి చాచి, ఊరి పశువులకు టీకా వేస్తూ పోయాను. ఒక్కొక్కదాన్ని తాడు దాకా తోలుకొచ్చారు. డీలాగా ఉన్నదానికి ముందు థర్మామీటరు పెట్టేవాణ్ణి. జ్వరం ఉంటే టీకా పనిచేయదు, పైగా రోగం ఊళ్ళోకి వచ్చేసినట్టే.

ఓబులమ్మ జత చివర వచ్చింది. ఎలపటిది బాగుంది. దాపటిది, అంటే కాడికి ఎడమవైపు కట్టేది, జ్వరంతో కాలిపోతోంది. చిగుళ్ళు ఎర్రబడ్డాయి. కొండ చుట్టి పారే, రెండూళ్ళ పశువులూ నీళ్ళు తాగే వంక దగ్గర అంటుకుని ఉంటుంది. దానికి టీకా వేసి లాభం లేదని, ఊళ్ళో ఉంచితే మిగతావాటికి అంటుకుంటుందని ఆమెకు చెప్పక తప్పలేదు.

ఆమె కాసేపు ఎద్దు గంగడోలు నిమిరింది. టీకా వేసినదాని పలుపు నరసప్ప చేతికిచ్చి, వేపతాడు ఎత్తి, జబ్బుదాన్ని తానే బయటికి నడిపించింది. కట్టు దాటినవాళ్ళు అది విప్పేదాకా లోపలికి రాకూడదు. ఆమెను ఆగమన్నారు.

"ఇది బయట పడుంటే నేను ఇంట్లో యెట్ల పండుకొందును?" అంది.

కొండ మొదట్లో ఒక రాతి చాటున దాన్ని ఉంచుకుంది. నేను దారిన పోతూ రోజూ ఆగేవాణ్ణి. ఉప్పునీళ్ళతో నోరు కడగడం, గంజి పట్టడం తప్ప నా చదువులో ఇంకేమీ లేదు. వారం గడవకముందే అది పోయింది. మా పద్ధతి ప్రకారం లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాం. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆమె ఏడవలేదు.

నేను సైకిలు ఎక్కబోతుంటే ఆగమంది. క్యారియరు మీది ఫినాయిలు సీసా తీసుకుని, గంజి పోసిన ముంతలోనే కలిపి, వేపపుల్లతో రెండు టైర్ల గాడులూ వరసగా తోమింది. నేను కడుక్కుంటానన్నా వినలేదు.

"అవతలూళ్ళో గూడా ఎవురిదో ఒక జత ఉంటాది గదప్పా" అంది.

ఆ పల్లెలో ఇంకొక్క గొడ్డు పోలేదు. తరువాత నా సర్వీసంతా, ఏ ఊరికి పోయినా సైకిలు పొలిమేర బయటే ఆపి టైర్లు కడిగేవాణ్ణి. లోపలికి పోయాక ఊరిపెద్ద ఇల్లు అడగడం మానేశాను. ఒక్క జతే ఉన్న ఇల్లు ఏదని అడిగి, ముందు ఆ ఇంటివాళ్ళతో మాట్లాడేవాణ్ణి.