విమానాలకు ముసుగు, మూలన పసుపు ముక్క

ముందే విన్నవించుకుంటున్నాను: నేను అతిశయోక్తి అలంకారానికి పుట్టిన బిడ్డను. చీమ కనబడితే ఏనుగని రాస్తాను. ఏనుగే కనబడితే కలం మూసేస్తాను, ఇక పెంచడానికేమీ మిగలదు గనుక. కాబట్టి మన సంఘపత్రిక పాఠకులు నా మాటలను ఉతికి, పిండి, ఆరేసి, అవి కుంచించుకుపోయిన తరవాతే తొడుక్కోవలసిందిగా ప్రార్థన.

పోయిన మంగళవారం ఉదయం పజుండౌంగ్ కాలవగట్టున మా అప్పన్న మావయ్య కాలధర్మం చెందాడు. తన కుట్టుమిషను ముందు కూర్చుని, సూదిలోకి దారం ఎక్కించబోతూ అలాగే ఒరిగిపోయాడట. ఆ వార్త మోసుకొచ్చిన సైకిల్‌రిక్షావాడి ముందు నేను నవ్వాను. ఈ నగరంలో నాకు తెలియకుండా నా వృత్తి చేసేవాడు ఇంకొకడు తయారయ్యాడనీ, పెంచి చెబుతున్నాడనీ అనుకున్నాను. వెళ్ళి చూశాక తెలిసింది. ఎవరూ పెంచలేదు. మృత్యువుకు ఆ అలవాటు లేదు.

మావయ్య తాత కళింగతీరం నుంచి ఈ బర్మా రేవుకు వచ్చి పడవలకు తెరచాపలు కుట్టాడు. తండ్రి గుడారాలు కుట్టాడు. మావయ్య లారీల మీద కప్పే బరకాలు కుట్టాడు. ఆ ముతక గుడ్డ దొంతరల మధ్య అతను కూర్చుంటే ఉత్సవవిగ్రహంలా ఉండేవాడు. అతని బొటనవేలి గోరు చూసి ఓడలు దారి తప్పుకునేవని నేను గతంలో రాసినమాట వాస్తవం. అది కొంచెం ఎక్కువే అయింది. కానీ ఆ గోటితో గుడ్డను గీస్తే కత్తెర అక్కరలేకుండా చినిగేదన్నది నా కళ్ళతో చూసిన సంగతి.

వాళ్ళింట్లో ఒక ఆచారముంది. ఏది కుట్టినా, పని ముగిసేముందు ఒక మూలన పసుపులో ముంచి ఆరబెట్టిన వేలెడు గుడ్డముక్కను అమ్మవారి పేరు చెప్పుకుని కుట్టాలి. తెరచాపలనాటి మొక్కు అది. "అది నేకపోతే గాలి మన మాట ఇనదురా" అనేవాడు. లారీ బరకానికి గాలితో ఏం పని మావయ్యా అని నేనడిగితే, "నీ రాతకి నిజంతో ఏటి పని? అయినా రాత్తన్నావు గదా!" అని నా నోరు మూయించాడు.

ఇక అసలు కథ. ఇన్నాళ్ళూ దీన్ని ఎక్కడా చెప్పలేదు. మావయ్య ఇప్పుడు ఏ జీపుకూ అందడు గనుకా, ఈ నగరంలో మన లిపి చదివి కోపగించుకోగలవాళ్ళు మన పిల్లల్లో కూడా కరువైపోయారు గనుకా ధైర్యం చేస్తున్నాను.

ఏలినవారు మింగళాడోన్ విమానస్థావరానికి కొత్త యుద్ధవిమానాలు తెప్పించిన కాలమది. అవి మొదటిసారి మన డాబాల మీదుగా దూసుకుపోయినప్పుడు, లత పేటలో చైనావాళ్ళ కొట్లలో గాజు సీసాలు పగిలాయి, తోడు పెట్టిన పాలు భయంతో వెనక్కి తగ్గాయి, మా పక్కింటి ముసలాయనకు పోయిన చెముడు తిరిగొచ్చింది. విచిత్రమేమిటంటే, ఆ మధ్యాహ్నం అవి ఎగిరినంతసేపూ మా పేటలో కరెంటు లేదు. అందరం విసనకర్రలతో విసురుకుంటూ ఆకాశాన్ని చూశాం. మావయ్య ఒక్కడే మిషను ఆపలేదు. "ఆకాశానికి ఆభరణాలు సేయించారు. బాగుంది. నేలమీదోల్లకి దీపం ఎప్పుడెడతారో" అన్నాడు.

అమ్మవారు విన్నదో, ఇంకెవరు విన్నారో, నెల తిరక్కముందే ఒక జీపు వచ్చి అతని కొట్టు ముందు ఆగింది. దిగినవాడొక యువ సైనికాధికారి. వాళ్ళ భాషలో అధికారిని పిలిచే పిలుపుతోనే మావయ్య అతన్ని "బోజీ" అనేవాడు, నేనూ అలాగే పిలుస్తాను. అతను మావయ్యను, వాళ్ళు పెద్దవాళ్ళ పేరుకు ముందు చేర్చే "ఊ" పెట్టి పిలిచేవాడు. వానలు వస్తున్నాయి, విమానాలకు షెడ్లు చాలలేదు. కొనడానికున్న ఉత్సాహం కప్పడానికి మిగలలేదన్నమాట. విమానాలకు బరకపు ముసుగులు కావాలి. నగరంలో ఉన్న మైనంగుడ్డ అంతా అప్పటికే సైన్యం సేకరించేసింది. తానులన్నీ మావయ్య కొట్లోకి దిగాయి. తునకలతో సహా తిరిగి అప్పగించాలన్నది ఆజ్ఞ.

"మరి విమానాన్ని సూపించండి, కొలత తీసుకుంటాను" అన్నాడు మావయ్య. అతని బర్మీయం కూడా శ్రీకాకుళం యాసలోనే ఉండేది, అందుకే అనువాదానికి నేను కష్టపడనక్కరలేదు.

"అది వీలుపడదు, ఊ అప్పన్నా. దేశరహస్యం."

"ఆ రహస్యం రోజూ పొద్దున్న మా డాబా మీంచే ఎగురుతాది గదండీ బోజీ! దాని పొట్ట మా పేటలో అందరికీ తెలుసు."

"కొలతలు మేమిస్తాం. అలాగే కుట్టు."

కొలతలు వచ్చాయి. అలాగే కుట్టాడు. తొడిగి చూస్తే విమానం అందులో ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చిందట. జరిగిందేమిటంటే, కింది అధికారి జాగ్రత్తకని ఒక మూర కలిపాడు, పై అధికారి హోదాకు తగ్గట్టు ఒక బార కలిపాడు, ఆ పైవాడు దేశభక్తి కొద్దీ కలిపాడు. అతిశయోక్తిలో నాకు గురువులు ఆ కార్యాలయంలో ఉన్నారని ఆనాడే గ్రహించి మనసులో నమస్కరించుకున్నాను. ముసుగులన్నీ కత్తిరింపుకు వెనక్కి వచ్చాయి. వాటితోపాటు బోజీ కూడా వచ్చాడు, మూలన వేలు పెట్టి చూపిస్తూ.

"ఏమిటీ పసుపు ముక్క? ఏదైనా మంత్రమా?"

"మంత్రం కాదు బోజీ. మా ఇంటి గుర్తు. అమ్మోరిది."

"ఊడదీసెయ్."

"తీసేత్తాను. ఆనక గాలికి, వానకి మీదే పూచీ."

జాతకం చూపించుకోకుండా ఎవరూ కుర్చీ కూడా మార్చని ప్రభుత్వంలో ఆ మాట అనకూడదు. బోజీ వేలు వెనక్కి తీసుకున్నాడు. అతని పైవాళ్ళెవరూ కూడా దాన్ని ఊడదీయడానికి సాహసించలేదు. ఆ విధంగా ఒక దేశపు వాయుసేన యావత్తూ మా అమ్మవారి పసుపు ధరించి వర్షాకాలం గడిపింది.

సరిగ్గా ఆ వానల్లోనే గౌరమ్మత్తకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. సర్కారు ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డులో మూల మంచం దొరికింది. ఆ మూలనే పైకప్పు కారేది. మందులు మనమే కొనుక్కెళ్ళాలి, దుప్పటి మనమే పట్టుకెళ్ళాలి, వానను మాత్రం వాళ్ళు ఉచితంగా ఇచ్చేవారు. మంచాన్ని జరపడానికి జాగా లేదు, ఆ పక్కన కూడా కారేది. మావయ్య పగలంతా విమానాలు తడవకుండా కుట్టి, సాయంత్రం వెళ్ళి పెళ్ళాం మీద పడుతున్న చినుకులకు గిన్నె పట్టుకుని కూర్చునేవాడు.

ఒకనాడు అత్త పైకి చూస్తూ అంది: "ఏటయ్యా, ఊరందరికీ గొడుగులు కుడతావు. నాకేది?"

"కుడతానే. రెండ్రోజులాగు" అన్నాడు మావయ్య.

బజారులో గజం మైనంగుడ్డ లేదు. ఉన్నదంతా అతని కొట్లోనే ఉంది, అందులో ఒక్క పేలిక అతనిది కాదు. ఆ కాలంలో సైన్యం సొత్తు ముట్టుకున్నవాళ్ళు ఇంటికి తిరిగొచ్చేవారో లేదో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మావయ్య తునకల మూట కట్టాడు. పైన కొత్త గుడ్డ, లోపల తాతనాటి తెరచాప పేలికలు. మూట జీపెక్కింది. మిగిలిన మంచి గుడ్డను అతికి ఒక చాందినీ కుట్టాడు. నేను పక్కనే ఉన్నాను. అంతా అయ్యాక పసుపు ముక్క తీస్తుంటే చెయ్యి పట్టుకున్నాను.

"మావయ్యా, మతి పోయిందా? దొంగసొమ్ము మీద సంతకం పెడతావా!"

"సంతకం కాదురా. మొక్కు. మీ అత్తకి కుట్టిందాన్లోనే మానీమంటావా?"

కుట్టేశాడు. నేను బల్ల పట్టుకుంటే మావయ్య ఎక్కి, మంచానికి పైన నాలుగు మూలలా కట్టాడు. నీళ్ళు వాలుగా కిటికీలోంచి బయటికి పోయాయి. అత్త పొడిగా పడుకుంది.

మరునాటి మధ్యాహ్నం మేం వార్డులో ఉండగా బోజీ వచ్చాడు. యూనిఫారం లేదు, లుంగీ, చేతిలో అరటిపళ్ళు. అతని తల్లి అత్త పక్క మంచంలోనే ఉంది. ఆ చాందినీ నీడ ఆవిడ మీదికి కూడా వచ్చింది. తల్లి నుదురు తాకి, తలెత్తాడు. గుడ్డను చూశాడు. మూలను చూశాడు. ఆ తరవాత మావయ్యను చూశాడు. నా గుండె ఆగిపోయింది. ఇది అతిశయోక్తి కాదు.

"ఊ అప్పన్నా, ఈ గుడ్డ ఎక్కడిది?"

అబద్ధం నేర్పడానికి నేను పక్కనే ఉన్నాను. అతను నావైపు చూడనైనా లేదు. "మీదే బోజీ. ముసుగుల్లో మిగిలింది."

"తునకలు అప్పగించమన్నాం కదా?"

"అన్నారు. నానే ఇవ్వనేదు. విమానం తడిత్తే దగ్గదండీ. మనిసి దగ్గుతాది."

అంతలో మంచం మీద ముసలమ్మ కళ్ళు విప్పింది. "ఈయనేనా నాయనా ఇది కట్టింది?" అని కొడుకునడిగి, సమాధానం కోసం ఆగకుండా రెండు చేతులూ జోడించి "తాదు, తాదు, తాదు" అంది. వాళ్ళలో ఎవరైనా దానం చేస్తే, చూసినవాళ్ళు సాధు అని ముమ్మారు పలికి ఆ పుణ్యాన్ని ధ్రువపరుస్తారు. ఇక అది దానమే. దొంగతనమని పిలవాలంటే కన్నతల్లి నోటిమాటను కొట్టేయాలి.

బోజీ గొంతు తగ్గించి, "ఆ పసుపు ముక్కను లోపలికి మడిచి కుట్టు. రేపు ఇంకెవరైనా వస్తే తలెత్తి చూస్తారు" అన్నాడు. అరటిపళ్ళలో సగం మావయ్య చేతిలో పెట్టాడు.

మావయ్య బల్ల ఎక్కి మడిచి కుట్టాడు. ఊడదీయలేదు. గౌరమ్మత్త ఆ వానలు దాటి ఇంటికొచ్చి, "ఇమానం గుడ్డ కింద పడుకున్న మారాణీని, నన్ను అంట్లు తోమమంటావేటి?" అని మావయ్యను ఆడిపోసుకుంటూ ఇంకా ఎన్నో ఏళ్ళు ఆ ఇంటిని దడదడలాడించింది.

పాలకులు వస్తారు, వాళ్ళ విమానాలు వస్తాయి, ఇంకా కొత్తవి వస్తాయి. వాటికి ముసుగులు కుట్టేవాళ్ళూ దొరుకుతారు. కారుతున్న మూలను చూసి తట్టుకోలేక ప్రాణం ఒడ్డి బల్ల ఎక్కేవాడు ఎక్కడ దొరుకుతాడు? మొన్న పాడె మీద కప్పిన తెల్లగుడ్డ మూలన పసుపు ముక్క నేనే కుట్టాను. వంకరగా వచ్చింది. చూసి ఉంటే మావయ్య విప్పించి మళ్ళీ కుట్టించేవాడు. ఆ మహాశిల్పి పాదాలకు ఈ వంకర కుట్టే నా ప్రణామం.

ఇక నేను బాకీపడిన ఒక మాట. పాలూ, చెముడూ, సీసాలూ మీరు ఎలాగూ నమ్మి ఉండరు, వాటిని వదిలేయండి. బోజీ నిజం, ఆ ముసలమ్మ నిజం, పసుపు ముక్క నిజం. కల్పించింది గౌరమ్మత్త పొడిగా పడుకోవడం, ఇంటికి రావడం, ఆ రెండే. మావయ్య అడిగిన ఆ రెండు రోజులు ఆమె ఆగలేకపోయింది. ఆమె కర్మ ముగించి వచ్చి, సగంలో ఉన్న చాందినీని పూర్తిచేసి, పసుపు ముక్క కుట్టి, "మాటిచ్చాను గదరా" అని నన్ను వెంటబెట్టుకు వెళ్ళి, అదే మూల మంచానికి కట్టాడు. అప్పటికి బోజీ తల్లి పక్కనున్న ఆ మంచంలో ఇంకెవరి తల్లో పడుకుని ఉంది. ఎవరని మావయ్య అడగలేదు. ఆవిడ పొడిగా పడుకుంది.