అంతోనివారికి పసుపు ముడుపు

ఆ రోజుల్లో నాకు తెలివి ఎక్కువ, బుద్ధి తక్కువ. (ఇప్పుడు రెండూ అంతంత మాత్రమే కనుక బాధ లేదు.) గంజాం జిల్లా ఇంకా మద్రాసు రాజధానిలో ఉన్న కాలం, బరంపురంలో ఓ మిషను బడిలో నాకు కొత్తగా మేష్టరుద్యోగం. అక్కడ చిన్నపిల్లలను చూసుకునే ఆయమ్మది రామయ్యపట్నం, క్రైస్తవురాలు. మనకు ఇంటికో ఇలవేల్పు ఉన్నట్టు వాళ్ళలో మనిషికో, పనికో పాలక పునీతుడుంటాడని ఆవిడే చెప్పింది. ఓడవాళ్ళకు ఒకరు, పంటినొప్పికి ఒకరు, పోయిన వస్తువులకు అంతోనివారు. ఛత్రపూర్ కలెక్టరు కచేరీలో సెక్షనుకో గుమాస్తా ఉన్నట్టుందే అని ఇకిలించాను. ఆవిడ నొచ్చుకోలేదు. అదే నాకు నచ్చలేదు.

మర్నాడు ఆవిడ జపమాల తీసి, చుట్టిపెట్టిన బడి మ్యాపులో దాచాను. సాయంత్రానికల్లా బయటకు తీసి, మీ అంతోనివారు ఏం చేశారని నలుగురిలో నవ్వాలని నా పన్నాగం. అది రంగూన్ వెళ్తూ కొడుకు కొనిచ్చిన మాల. ఆర్నెల్లుగా అతని దగ్గర నుంచి ఉత్తరం లేదు, రోజూ ఆ మాల మీదే అతని కోసం ప్రార్థిస్తోంది. అన్నీ తెలిసే తీశాను, ఏం మనిషినండీ! మధ్యాహ్నం చూద్దును కదా, మ్యాపు లేదు. ఇన్‌స్పెక్టరుగారు చూస్తారని హెడ్మాష్టరు దాన్ని ఛత్రపూర్ పంపించేశారట.

ఆయమ్మ తన వసారాలోని అంతోనివారి పటాన్ని గోడవైపు తిప్పేసింది. మాల దొరికేదాకా ఆయనకు అదే శిక్షట. తను అన్నం మానేసింది. "మాల పోతే పోనాది బాబూ, నా కొడుక్కేటైనా అవుతాదని బయ్యం," అని నాతోనే అంది. నిజం చెప్పే ధైర్యం చాలలేదు. చివరికి, ఎవరూ లేనప్పుడు, మా అమ్మ ఇలవేల్పుకు కట్టినట్టే పసుపుగుడ్డలో బియ్యం, వక్క మూటగట్టి, ఆ పటం మేకుకు తగిలించి, గుంజీళ్ళు కూడా తీశాను. (గుంజీళ్ళు వినాయకుడివి. కంగారులో ఎవరివి ఎవరికి చెల్లించానో!)

శనివారం మ్యాపు తిరిగొచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు దాన్ని విప్పిన పాపాన పోలేదు, మాల అందులోనే ఉంది. పరుగున వెళ్ళి ఆవిడ గుమ్మంలో పడేసి వచ్చాను. సోమవారం ఆయమ్మ నా బల్ల మీద పసుపు మూట తెచ్చి పెట్టింది. తక్కిన మేష్టర్లంతా క్రైస్తవులేననీ, ఆ కాంపౌండులో ముడుపు కట్టేవాణ్ణి నేనొక్కణ్ణేననీ అప్పటికి గానీ నాకు తట్టలేదు.

"ఎవులు తీసారో కూడా ఆయన సెప్తాడు బాబూ," అంది మెల్లగా. "నేనే అడగనేదు."

మూట తీసి జేబులో వేసుకున్నాను. తప్పయిందని ఒక్క మాట అనలేదు, సిగ్గులేనివాణ్ణి. పదిరోజులకు రంగూన్ నుంచి కొడుకు ఉత్తరం వచ్చింది. అంతమంది మేష్టర్లుండగా, చదివి పెట్టమని ఆవిడ నా దగ్గరకే తెచ్చింది.

ఇప్పుడు నా కళ్ళజోడు రోజుకు మూడుసార్లు పోతుంది. మీ అంతోనివారిని అడగకూడదూ అని మా ఆవిడ వేళాకోళం చేస్తుంది. ఆయన్ని అడగడానికి నాకింకా మొహం చెల్లదు. తడుముకుంటూ నేనే వెతుక్కుంటాను.