అద్దం మీద బొట్టు

గంగాభవాని చేసే పని వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. పొద్దున ఐదింటికోసారి, సాయంత్రం నాలుగింటికోసారి రెండు అద్దాలు తుడవాలి. అంతే. దానికి జీతం కూడానా అని పాలెంలో ఆడవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. చేసేవాళ్లు అంటున్నాను, ఇప్పుడు చెయ్యరు.

తోటపల్లి గూడూరు దాటి, రొయ్యల గుంటలు దాటి సముద్రం వైపు పోతే ఆ పాలెం. అక్కడ ఇసుక దిబ్బ మీద కంచె కట్టి రెండు పెట్టెలు పెట్టారు. రెండూ ఆకాశంలోకి లేజరు కాంతిని పంపుతాయి. గాలిలో తేలే దుమ్మును, ఉప్పు రేణువులను తాకి వెనక్కి వచ్చిన కాంతిని పట్టుకొని, ఏ ఎత్తున గాలి ఎంత జోరుగా వీస్తోందో ఒక పెట్టె చెబుతుంది. రెండోది ఎక్కడో విమానాలు తిరిగే ఎత్తులో ఉండే పలచని ఈకల మబ్బులను కొలుస్తుంది. సముద్రపు గాలికి పూటపూటకూ ఆ అద్దాల మీద ఉప్పు పొర కడుతుంది. దాన్ని తుడవటానికే భవాని.

నెల్లూరులో కూర్చుని ఆ పెట్టెలు పంపే అంకెలు చూసే ఇంజనీరమ్మాయి అనూష ఆమెకు అన్నీ నేర్పింది. మెత్తటి గుడ్డతో, శుద్ధి చేసిన నీళ్లతో ఎలా తుడవాలో చూపించింది. "అక్కా, అద్దం మీద వేలిముద్ర కూడా పడకూడదు" అని ఒకటికి పదిసార్లు చెప్పింది. భవాని చదువు ఐదో తరగతి. అయినా పెట్టె పక్కనున్న చిన్న తెర మీద అంకెలు చదవటం ఇట్టే పట్టేసింది. నలభై మీటర్ల ఎత్తున గాలి సెకనుకు ఇన్ని మీటర్లు, వంద మీటర్ల ఎత్తున ఇన్ని, రెండొందల మీటర్ల ఎత్తున ఇన్ని.

కొన్నాళ్లకు సముద్రం మీద చేపల వేటకు పోయే మగవాళ్లు దిబ్బ కింద నిలబడి "ఎంతమ్మే ఈ పొద్దు?" అని అడగటం, ఆమె పైనుంచి చెప్పటం అలవాటైంది. నాలుగంటే పోవచ్చు. పదంటే ఆలోచించాలి. పదిహేనంటే ఊరిపెద్ద వెంకయ్య దురాయి వేసేవాడు. దురాయి పడితే ఆ రోజు ఒక్క పడవ కదలటానికి లేదు. మునుపు ఇంటి గడప దాటి మాట్లాడని మనిషి నోటికి అంత విలువ వచ్చింది. అది చూసి ఆమె మొగుడు చిన్నపోలయ్య మురిసిపోయేవాడు.

పోయిన ఏడాది ఆయుధపూజ నాటి సాయంత్రం భవాని పడవకూ, ఇంజనుకూ, వలకూ బొట్లు పెట్టింది. అదే పళ్లెం పట్టుకొని దిబ్బ ఎక్కింది. తనకు కూడు పెట్టేవి, మొగుడి ప్రాణం కాసేవి, వాటికి పూజ లేకుండా ఎలా? మబ్బుల పెట్టె ఎత్తుగా ఉంది, రోజూ స్టూలెక్కి తుడుస్తుంది, పళ్లెంతో ఎక్కలేక దాన్ని వదిలేసింది. గాలి పెట్టెకు మాత్రం ఆ అద్దమే ముఖం అనిపించింది ఆమెకు. ముఖానికి కాక బొట్టు ఇంకెక్కడ పెడతారు? గంధం దట్టంగా అద్ది, దాని మీద రూపాయి బిళ్లంత కుంకుమ పెట్టి దండం పెట్టుకుంది. మనసులో ఏ చెడూ లేని చెయ్యి అది. ఇప్పటికీ నాకు ఆ చేతి మీద కోపం రాదు.

తెల్లారితే విజయదశమి. తెర మీద నలభై మీటర్ల దగ్గర నాలుగు. ఆ పైన అన్నీ అడ్డగీతలే. గీతలంటే పైన గాలే లేదనుకుంది. బొట్టుకు తగలకుండా చుట్టూ తుడిచి, "నాలుగే, పోయి రాండి" అని కేకేసింది. రేడియోలోనూ ఏ హెచ్చరికా లేదు. ఆరు పడవలు అలలు దాటి పోయాయి. చిన్నపోలయ్య జతగాడు పండక్కి అత్తగారింటికి వెళ్లటంతో ఆ రోజు ఆయన ఒక్కడే పోయాడు.

పదింటికి అనూష ఫోను చేసింది. "అక్కా, నిన్న సాయంత్రం నుంచి పైగాలి అంకెలు రావట్లేదు. అద్దానికి ఏదో అడ్డం ఉంది, కాస్త తుడవండి. పైన మబ్బు పొర నిన్నటి నుంచి మందమై కిందికి దిగుతా ఉంది. నాకెందుకో భయంగా ఉంది. గాలి కూడా కనపడితే పడవల్ని వెనక్కి పిలిపిస్తాను."

"సరేమ్మా" అని గుడ్డ తడిపింది. అద్దం మీదికి వంగింది. చెయ్యి ఆగిపోయింది.

మొగుడు నీళ్ల మీద ఉన్నాడు. పండగ పూట. తను పెట్టిన కుంకుమను తన చేత్తోనే తుడవాలి. ఏ ఆడదానికి చేతులొస్తాయి చెప్పండి? గుడ్డలోంచి నీళ్లు ఇసుకలోకి కారిపోతున్నాయి. అప్పుడే చిన్నపోలయ్య ఫోను.

"ఇక్కడ చేపల్లేవు మే. ఇంకా లోపలికి పోతా ఉండా. అరగంట పోతే ఫోను తగలదు, కంగారు పడబాక."

వెనక్కి రమ్మనే మాట గొంతు దాకా వచ్చింది. ఏమని చెబుతుంది? ఆమె దగ్గర అంకె లేదు. "జాగ్రత్తయ్యా" అని మాత్రం అంది.

ఫోను పెట్టేసి పక్కింటి మగ్దలీనమ్మ దగ్గరికి పరిగెత్తింది. మగ్దలీనమ్మ చర్చికి పోయే మనిషి, బొట్టు పెట్టుకోదు. "మీకు ఈ పట్టింపు లేదు కదక్కా. నువ్వు తుడువు, నీకు పుణ్యముంటది" అని బతిమాలి దిబ్బ ఎక్కించింది.

మగ్దలీనమ్మ గుడ్డ అందుకుంది. అద్దాన్ని చూసింది, సముద్రాన్ని చూసింది, గుడ్డ తిరిగి ఇచ్చేసింది. "నా వల్ల కాదు భవానీ. మీ ఆయన నీళ్ల మీద ఉండంగా నీ కుంకుమ నేను చెరిపేదా? రేపేమన్నా అయితే నువ్వే నా మొహం చూడవు. సాయంత్రం ఆయనొచ్చినాక తుడుచుకో, పొయ్యేదేముంది."

మనం వినాలనుకున్న మాట ఇంకొకరి నోట వస్తే ఎంత హాయిగా ఉంటుందో. భవాని గుడ్డ మడిచి పక్కన పెట్టింది. అనూష మళ్లీ ఫోను చేస్తే "తుడస్తా ఉండానమ్మా" అని అబద్ధం చెప్పింది. ఆ తర్వాత మోగితే ఎత్తలేదు. మధ్యాహ్నానికి ఈకల మబ్బులన్నీ కలిసిపోయి ఆకాశం పాలరంగు తిరిగింది. ఎండ ఉన్నా నేల మీద నీడలు పడలేదు. సముద్రం మరీ నిమ్మళంగా ఉంది, అది చూసి వెంకయ్య కూడా ఇంట్లోంచి బయటికి వచ్చి నిలబడ్డాడు.

ఒంటిగంటకు ఫోను ఎత్తితే అనూష గొంతులో ఏడుపు. "అక్కా, మీ కాళ్లు పట్టుకుంటాను."

భవాని కళ్లు మూసుకొని తుడిచింది. గంధం ఎండి గట్టిపడింది, రెండు మూడుసార్లు రుద్దాల్సి వచ్చింది. గుడ్డంతా ఎర్రనైంది. కళ్లు తెరిస్తే తెర మీద గీతల్లేవు. నలభై మీటర్ల దగ్గర ఆరు. వంద దగ్గర పదహారు. రెండొందల దగ్గర ఇరవై మూడు. ఆమె దిబ్బ దిగి వెంకయ్య దగ్గరికి పరిగెత్తింది.

వెంకయ్య ఒక్కొక్కరికీ ఫోను చేశాడు. దగ్గర్లో వల వేసిన ఐదు పడవలూ వెనక్కి తిరిగాయి. చిన్నపోలయ్యకు ఎన్నిసార్లు చేసినా తగల్లేదు. మూడింటికి పైనున్న గాలి కిందికి దిగింది. ఐదో పడవ ఒడ్డెక్కేసరికి పాలెంలో రేకులు లేచిపోతున్నాయి.

నాలుగు రోజులు వెతికారు. ఇంజను మూత ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దాని మీద ఆమె పెట్టిన బొట్టు లేదు.

పదకొండో రోజు ఆడవాళ్లు ఆమెను పీట మీద కూర్చోబెట్టారు. పెద్దామె ఒకరు నుదుటి మీదికి చెయ్యి చాపితే భవాని ఆ చెయ్యి పట్టుకొని ఆపింది.

"నా బొట్టు నేనే తుడిచేసినాను" అంది. "పదింటికి తుడవాల్సింది. ఒంటిగంటకు తుడిచినాను."

ఎవరికీ అర్థం కాలేదు. వాకిట్లో నిలబడ్డ మగ్దలీనమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వెళ్లిపోయింది.